బయటి గడియ

కరెంటు పోగానే లీలారాణి మెట్ల కింద అరలోకి వంగి ఇన్వర్టరు కూడా ఆపేసింది.

హాల్లోదీ, వంటింటి గుమ్మం మీదదీ, మేడ మెట్ల దగ్గరదీ, గేటు స్తంభానిదీ, నాలుగు కెమెరాల్లోనూ ఎర్ర చుక్క ఆరిపోయింది. ఆ చుక్కలు వచ్చినప్పట్నుంచి ఆమె సొంత ఇంట్లో గొంతు విప్పి మాట్లాడింది లేదు. శ్రీకాకుళంలో మోటారు సైకిళ్ళ షోరూములో మేనేజరుగా ఉన్న ఆమె కొడుకు ఫిన్నీ ఈ ఇంటిని ఫోనులో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూస్తుంటాడు. ఇప్పుడు చూడలేడు. లైను పనులున్నాయని, మధ్యాహ్నం దాకా కళింగపట్నానికి కరెంటు ఉండదని ముందే చెప్పారు. ఈ పూట కోసమే ఆమె కాచుకుని ఉంది.

పడగ్గది దగ్గరికి నడిచింది. తలుపుకి బయటివైపు కొత్త స్టీలు గడియ. దాన్ని లాగింది.

కోడలు శాంతి మంచం మీద కాదు, కిందే, గోడకి చేరబడి కూర్చుంది. తలెత్తలేదు.

“లే, శాంతీ. మొహం కడుక్కో. ఇల్లు సూడ్డానికి వస్తన్నారు,” అంది లీలారాణి.

శాంతి ఆగిపోయిన ఫ్యాను వైపు చూసింది. “ఇన్వర్టరు నువ్వే ఆపేవా, అత్తా?”

“ఆపేను.”

“కరెంటు లేకపోయినా ఇన్వర్టరు మీద కెమెరాలు నడుస్తాయని ఆయనకి తెలుసు. అన్నీ ఒక్కసారి నల్లగయిపోతే ఏటనుకుంటారు?”

ఎవరు వస్తారు, ఎటు కూర్చోబెట్టాలి, ఏ గది ముందు చూపించాలి అని లీలారాణి ఇన్నాళ్ళూ ఆలోచించింది గాని ఈ ఒక్క సంగతీ తట్టలేదు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిన మనిషి. డాక్టరు చెయ్యి చాచకముందే ఏం కావాలో అందించిన మనిషి. కొడుకు విషయానికొచ్చేసరికి బుర్ర పనిచెయ్యడం మానేస్తోంది.

ఇన్వర్టరు మళ్ళీ వేసేద్దామని వెనక్కి తిరిగేలోపే శాంతి ఫోను మోగింది.

ఇద్దరూ ఆ ఫోను వంకే చూశారు. మోగుతూ ఉంటే ఎత్తకపోవడం ఇంకా ప్రమాదం. శాంతి ఎత్తి చెవిన పెట్టుకుంది. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు అయిపోయినట్టున్నాయని, దానంతటదే ఆగిపోయిందని అత్త కేకేసి చెప్పిందని మెల్లగా చెప్పింది. తలుపు వేసే ఉందా అని అడిగాడు కాబోలు, వేసే ఉందంది. అమ్మ ఏం చేస్తోందని అడిగాడు కాబోలు, వంటింట్లో ఉన్నట్టుందంది.

ఫోను తీసి నేల మీద పెట్టేసింది.

“ఏటన్నాడు?”

“సరే అన్నారు.”

“కోపంగా అన్నాడేటి?”

శాంతి మొదటిసారి అత్త మొహంలోకి చూసింది. “నీ కొడుకు ఎప్పుడైనా కోపంగా మాట్లాడినాడా, అత్తా?”

నిజమే. ఫిన్నీ గొంతు ఎప్పుడూ పెరగదు. కోపం వచ్చేకొద్దీ తగ్గుతుంది. గుమ్మంలో చెదిరిన చెప్పుల్ని వంగి ఒక్కొక్క జతే వరసగా సర్దుతాడు. ఆ తర్వాత పడగ్గది తలుపు పడుతుంది. ఆ తర్వాత ఏమీ వినిపించదు. వినిపించకపోవడమే లీలారాణిని నిలువునా వణికించేది.

గడియ పెట్టిన కొత్తలో ఒకరోజు ఆమె ఉండబట్టలేక, అతను ఫోను చేసి తియ్యమనకముందే తలుపు తీసేసింది. కెమెరాలో చూశాడు. ఆ సాయంత్రం తల్లిని ఒక్క మాటా అనలేదు. పైగా ఆమెకి ఇష్టమని వంజరం చేప తెచ్చాడు. మర్నాడు పొద్దున శాంతి బయటికొచ్చినప్పుడు కుడిచేతి వేళ్ళు రెండు వాచి నల్లగా ఉన్నాయి. కట్టు కట్టింది లీలారాణే. అప్పట్నుంచీ అతను చెప్పేదాకా ఆ గడియ ముట్టుకోలేదు.

“ఆళ్ళకి ఫోన్ సేసి రావద్దని సెప్పు,” అంది శాంతి.

“బయల్దేరిపోయినారు.”

“అయితే గేటు తియ్యకు.”

“శాంతీ, ఇనుకో...”

“నువ్వే ఇనుకో, అత్తా. ఇల్లు అమ్మేది నువ్వు. ఎందుకమ్మేవని అడిగేది నన్ను. నువ్వు కన్నతల్లివి, నిన్నేటీ అనడు. నీ పేరు మీద ఇల్లు, నీ సంతకం. నా సేతి ఏళ్ళు.”

లీలారాణి కోడలి పక్కన నేల మీద కూలబడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

చెయ్యాల్సినవన్నీ చేసి చూశారు. స్టేషనుకి వెళ్ళారు, అక్కడ మొగుడూ పెళ్ళాలకి నచ్చచెప్పి పంపించారు. పాస్టరు గారొచ్చి ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేశారు. శాంతి అన్నదమ్ములు ఒకసారొచ్చి, భోజనం చేసి, బావ మర్యాదస్తుడని మెచ్చుకుని వెళ్ళిపోయారు. వీటన్నిటి తర్వాతే ఫిన్నీ వడ్రంగిని పిలిచి గడియ బిగించాడు.

“ఈ గోడలుండబట్టే ఆడి ఆట సాగతన్నాది,” అంది లీలారాణి. “ఇల్లు లేకపోతే గడియ ఎక్కడ పెడతాడు? ఎస్.కోటలో కూర్మమ్మ ఉన్నాది. నాతో పాటు డ్యూటీలు సేసిన మనిషి. ఆళ్ళ మేడ మీద గది కాళీగా ఉన్నాదంది. నువ్వూ నానూ ఎల్లిపోదాం. ఆసుపత్రుల్లో నీకు పని దొరక్కపోదు.”

“ఆయన శృంగవరపుకోట రాలేడేటి?”

లీలారాణి చుట్టూ గోడల వైపు చూసింది. భర్త ఏసురాజు పోయిన తర్వాత, రిటైరయ్యాక వచ్చినదంతా పోసి కట్టించుకున్న ఇల్లు ఇది. మేడ మీద నిలబడితే సముద్రం కనబడాలని పట్టుబట్టి కట్టించింది. ఇప్పుడు ఆ మేడ ఎక్కాలన్నా మెట్ల దగ్గరి కెమెరాని దాటాలి.

గేటు బయట కారు హారను కొట్టారు.

శాంతి కదల్లేదు. లీలారాణి గోడ పట్టుకుని లేచి, చీర కుచ్చిళ్ళు సవరించుకుని వెళ్ళి గేటు తీసింది.

ఇల్లు చూడ్డానికొచ్చిన ఉమాపతికి అరసవల్లిలో గుడి వీధిలో పూజ సామాన్ల దుకాణం ఉంది. మధ్యవర్తి నరసింగరావు చెప్పిన ప్రకారం, బీచికి వచ్చేవాళ్ళకి గదులు అద్దెకిచ్చేందుకు పనికొచ్చే ఇల్లు వెతుకుతున్నాడు. సన్నటి మనిషి, ప్రతి గోడనీ వేలితో తట్టి చూస్తున్నాడు. భార్య కాంతం లావుగా, ఆయాసపడుతూ, వచ్చీ రాగానే సోఫాలో కూర్చుని, ఇంత ఉక్కలో ఫ్యాన్లయినా తిరగడం లేదేమని అడిగింది. లీలారాణి నర్సు అని తెలిశాక సిస్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. తన మోకాళ్ళ నొప్పులు, వేసుకుంటున్న మాత్రల రంగులు అన్నీ చెప్పింది.

శాంతి వంటింట్లో టీ పెడుతున్న చప్పుడైంది. లీలారాణికి ప్రాణం కొంచెం కుదుటపడింది. ఉమాపతిని వెంటబెట్టుకుని హాలు, వంటిల్లు, వెనక పెరడు చూపించింది. నేల పలకలు బాగున్నాయన్నాడు. కిటికీలకి ఉప్పుగాలి పట్టలేదే అని ఆశ్చర్యపోయాడు. ఇంత మంచి ఇల్లు ఎందుకమ్ముతున్నారని అడిగితే, ఒక్కదాన్నీ చూసుకోలేకపోతున్నానని ఆమె ముందుగా అనుకున్న మాటే చెప్పింది.

“కోడలున్నాది కదా,” అంది కాంతం సోఫాలోంచే.

లీలారాణి నవ్వినట్టు చేసింది.

అప్పుడే బండి చప్పుడైంది. ఆ బండి మలుపు దగ్గర గేరు మార్చే చప్పుడు ఆమెకి నిద్రలో కూడా తెలుసు. వంటింట్లో శాంతి చేతిలో టీ వడపోత అలాగే గాలిలో ఆగిపోయింది. కింద గ్లాసు నిండి ఉంది.

ఫిన్నీ గేటు బార్లా తీసి బండి లోపల పెట్టాడు. హెల్మెట్టు తీసి జుట్టు దువ్వుకున్నాడు. గుమ్మంలో వంగి కాంతం చెప్పులు, ఉమాపతి చెప్పులు జత చేసి గోడవార సర్దాడు. తల్లి చెప్పులు కూడా.

తర్వాత లోపలికొచ్చి చేతులు జోడించాడు. “నమస్తే అంకుల్. ఎండలో వచ్చినట్టున్నారు. అమ్మ మంచినీళ్ళయినా ఇచ్చిందా?”

తల్లి వైపు చూడలేదు. ఎవరు మీరని అడగలేదు. ఇల్లు చూడ్డానికి వచ్చారని ఉమాపతే చెప్పుకుంటే, చాలా సంతోషమన్నాడు. తనే దగ్గరుండి చూపిస్తానన్నాడు. నీళ్ళ మోటారు ఎంత లోతునుంచి తోడుతుందో, మేడ మీద ఇంకో అంతస్తు వెయ్యడానికి స్తంభాలు ఎలా వదిలారో వివరంగా చెప్పాడు. మేడ ఎక్కించి సముద్రం చూపించాడు. లైట్‌హౌసు, వంశధార వచ్చి కలిసే చోటు, తెరచాపలు లేని పడవలు, అన్నీ చెయ్యి చాచి చూపించాడు. ఉమాపతి మొహం విప్పారింది. ఇలాంటి కొడుకు ఉండగా మీకేం లోటు సిస్టరు గారూ అన్నాడు.

లీలారాణి వాళ్ళ వెనకాలే మెట్లు ఎక్కింది, వాళ్ళ వెనకాలే దిగింది. కొడుకు ఎక్కడా తడబడలేదు. అరిస్తే బాగుణ్ణు. వీళ్ళ ముందు ఒక్కసారి అరిస్తే బాగుణ్ణు.

చివరికి పడగ్గది దగ్గరికి వచ్చారు. కాంతం కూడా సోఫాలోంచి లేచొచ్చింది. గది బాగానే ఉందంది, అటకలు కావలసినన్ని ఉన్నాయంది. తలుపు మీద చెయ్యి వేసి బయటికి వస్తూ ఆగింది.

“ఈ గడియేటి, బయట పెట్టించినారు?”

శాంతి టీ పళ్ళెం పట్టుకుని హాలు మధ్యలో నిలబడిపోయింది.

ఫిన్నీ తల వంచుకుని, బయటవాళ్ళకి చెప్పుకోకూడని ఇంటి సంగతి చెప్పుకోవలసి వచ్చినట్టు గొంతు తగ్గించాడు.

“అమ్మ గదండి ఇది. ఈమధ్య మతిమరుపు బాగా ఎక్కువైపోయింది. ఎప్పుడు లేస్తాదో తెలీదు, సముద్రం వైపు ఎల్లిపోతాది. మొన్న ఎవరో పట్టుకొచ్చి అప్పజెప్పారు. డాక్టరుకి చూపిస్తన్నాం. ఇల్లు అమ్ముతానని మీకెప్పుడు సెప్పిందో కూడా గుర్తుండదు పాపం.”

ఉమాపతి, కాంతం ఒక్కసారి లీలారాణి వైపు తిరిగారు. ఆ చూపుల్లో జాలి కనబడింది.

నాకు మతిమరుపు లేదని చెప్పాలని ఆమె నోరు తెరిచింది. తెరిచాక తెలిసింది, మతి తప్పినవాళ్ళు కూడా సరిగ్గా ఆ మాటే చెబుతారని. రేపు రిజిస్ట్రారు ఆఫీసులో కూడా ఇతను ఇంత మర్యాదగా, ఇంత బాధగా ఇదే చెబుతాడు. పాస్టరు గారికి చెబుతాడు. అందరూ నమ్ముతారు. ఆ తర్వాత రెండో గదికి కూడా ఒక గడియ వస్తుంది.

ఆమె నోరు మూసుకుంది.

“అది అత్త గది కాదండి.”

శాంతి మాట్లాడుతోందని అర్థం కావడానికి లీలారాణికి కొంత సమయం పట్టింది.

“నా గది. పొద్దున్న ఆయన పనికెల్లినప్పుడు ఏస్తారు. మళ్ళీ తియ్యమని ఫోన్ సేసినప్పుడు అత్త తీస్తాది. అత్తకి మతిమరుపేటీ లేదు.”

ఫిన్నీ ముందుకొచ్చి ఆమె చేతిలోంచి టీ పళ్ళెం జాగ్రత్తగా అందుకుని బల్ల మీద పెట్టాడు. “ఒంట్లో బాగోలేదు తనకి కూడా,” అన్నాడు ఉమాపతితో.

ఉమాపతి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ ఇంకోసారి వస్తామని, తొందరేం లేదని గొణిగి భార్యకి కళ్ళతో సైగ చేశాడు. కాంతం ఆ సైగ చూడనట్టే నిలబడింది. ఆవిడ శాంతి కుడిచేతికి ఇంకా వంకరగా ఉన్న రెండు వేళ్ళ వైపు చూసింది. గడియ వైపు చూసింది.

“పిల్లా,” అంది చివరికి, “మాతో అరసవల్లి వస్తావేటి?”

“మనకెందుకే?” అన్నాడు ఉమాపతి నీరసంగా.

“నాను దాన్ని అడిగేను.”

శాంతి అత్త వైపు చూసింది. అనుమతి కోసం కాదు. నువ్వేమైపోతావన్న ప్రశ్న ఆ చూపులో ఉంది. లీలారాణి కళ్ళతోనే వెళ్ళమంది. మళ్ళీ ఇలాంటి తలుపు తెరుచుకోదు. ఈ పూటే, ఈ లావుపాటి తెలియని మనిషి మనసు మారకముందే.

ఫిన్నీ అడ్డుపడతాడని ఆమె భయపడింది. అతను అడ్డుపడలేదు. బయటివాళ్ళ ముందు అతను ఎప్పుడూ ఎవరికీ అడ్డుపడడు. తనే ముందు నడిచి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. గుడి చూసి రమ్మన్నాడు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని ఉమాపతి ఇల్లు ఏ వీధిలోనో అడిగి తెలుసుకున్నాడు. ఉమాపతి భయపడుతూనే అంతా చెప్పేశాడు.

శాంతి కట్టుబట్టలతో కారెక్కింది. లీలారాణి కిటికీ దగ్గరికి వెళ్ళి, కోడలి చెయ్యి పట్టుకున్నట్టుగా పట్టుకుని, కొంగు చాటునుంచి తన ఫోను ఆ చేతిలో పెట్టింది. కూర్మమ్మ నంబరు అందులోనే ఉంది. చెప్పనక్కర్లేదు.

“దిగొద్దు,” అంది అంతే. “ఎల్లు.”

కారు గేటు దాటింది. దుమ్ము సద్దుమణిగేదాకా తల్లీకొడుకులిద్దరూ గేటు దగ్గరే నిలబడ్డారు. ఎదురింటి వాళ్ళు వాకిట్లో బట్టలారేస్తున్నారు. ఫిన్నీ వాళ్ళకి చెయ్యి ఊపాడు.

తర్వాత లోపలికెళ్ళి ఇన్వర్టరు వేశాడు. బ్యాటరీ నీళ్ళు చూసి మూత పెట్టాడు. పడగ్గదిలోంచి శాంతి ఫోను తెచ్చి జేబులో వేసుకున్నాడు. టీ గ్లాసులు కడిగి బోర్లించాడు. ఒక్క పనిలోనూ తొందర లేదు.

“నీ ఫోను ఇయ్యమ్మా.”

“లేదు.”

“ఏది మరి?”

అతను కాసేపు ఆమె ఖాళీ చేతుల వంక చూసి తలూపాడు. అర్థమైపోయింది.

“ఎవరింటికి పంపించినావు? అరసవల్లిలో ఉండదు తను. అక్కణ్ణుంచి ఎక్కడికి?”

లీలారాణి కొడుకు మొహంలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని రాత్రంతా తడిగుడ్డ వేసిన పిల్లాడు. అదే నుదురు. ఆ నుదుటి వెనక ఏముందో ఊహించడానికి కూడా ఆమెకి ఇప్పుడు ధైర్యం చాలడం లేదు.

“సెప్పొద్దులే,” అన్నాడు. “నేనే ఎల్లి తెచ్చుకుంటాను.”

హెల్మెట్టు తీసుకుని బయటికి నడిచాడు. ఒంటరిగా వెళ్తే దారిలో ఉన్న గార ఊరు దాటేలోపే కారుని అందుకుంటాడు. ఆ బండి ఎంత వేగంగా తోలుతాడో ఊరంతటికీ తెలుసు. ఆ ఉమాపతి దారిలో ఆపమంటే ఆపే మనిషి. శాంతిని దించి ఇమ్మంటే దించి ఇచ్చే మనిషి.

ఆలోచించుకునే వ్యవధి లేదు. లీలారాణి చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది. అతను బండి స్టార్టు చేసేసరికి వెనక సీటు పట్టుకుంది.

“నానూ వస్తాను.”

“నీకెందుకు ఈ ఎండలో?”

“నా కోడలు అది. నాను రాకపోతే రాదు.”

అది నిజం కాదు. ముసలిదాన్ని వెనక కూర్చోబెట్టుకున్నవాడు జోరుగా తోలలేడు. మలుపుల దగ్గర తగ్గించాలి, గోతుల దగ్గర ఆపాలి. ఆ కాస్త ఆలస్యంలో కారు శ్రీకాకుళం బజారు జనంలో కలిసిపోతుంది. అంతవరకే ఆమె ఆలోచించింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి వెనక ఎక్కింది.

ఫిన్నీ కాళ్ళు నేల మీద ఆనించి, ఆమె సర్దుకుని కూర్చునేదాకా ఓపిగ్గా ఆగాడు. ఎదురింటి వాళ్ళు చూసి ఎక్కడికని అడిగితే, అమ్మని డాక్టరుకి చూపించడానికి అన్నాడు.

బండి గేటు దాటి బీచి రోడ్డు ఎక్కింది. ఎడమకి వెళ్తే గార, శ్రీకాకుళం. లీలారాణి అప్పటికే అటువైపు చూస్తోంది, కారు ఇంకా కనబడుతుందేమోనని.

బండి కుడికి తిరిగింది.

అటువైపు ఇళ్ళు లేవు. లైట్‌హౌసు దాటాక రోడ్డు ఇసుకలో కలిసిపోతుంది. ఆ వేళప్పుడు అక్కడ మనిషన్నవాడు ఉండడు.

“ఇటెందుకురా?” అంది. ఇందాక అతను కాంతంతో అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది: సముద్రం వైపు ఎల్లిపోతాది.

అతను ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో వెనక్కి తడిమి ఆమె చేతిని అందుకుని తన నడుం చుట్టూ వేసుకున్నాడు. బండి జోరు పెంచాడు.

“గట్టిగా పట్టుకో, అమ్మా,” అన్నాడు మెత్తగా.